కాడలేని స్వరాలు

మా మేనత్తను కనిపెట్టింది తామేనని ఈ మధ్య చాలామంది చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ. ఆమె మా ఇంట్లో అందరి కళ్ళ ముందు తిరిగింది. పంక్తిలో కూర్చుని అన్నం తిన్నది. పిలిస్తే పలికింది. అప్పుడు ఆమెను కనిపెట్టడం ఎవరికీ చేతకాలేదు. మన వైపు ఒక మనిషిని కనిపెట్టాలంటే ఆ మనిషి పోయి యాభై ఏళ్ళు కావాలి, ఆపైన ఒక ప్రొఫెసర్ రావాలి, రైల్వే గేటు దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టాలి.

మాది చిత్తూరు వైపు ఒక పాళెం. పేరు రాయను. రాస్తే, మా మేడ ఉన్న చోట ఇప్పుడు నడుస్తున్న కల్యాణమండపానికి ఉచిత ప్రచారం అవుతుంది. మా పెద్దలకు కోట ఉండేదని, ఏనుగు ఉండేదని మా నాయన చెప్పేవాడు. కోట గోడ నేను చూశాను. ఏనుగును చూసినవాళ్ళు మాత్రం ఎవరూ నాకు తగల్లేదు. నా వంతు వచ్చేసరికి తిరుపతిలో ఒక లాడ్జి మేనేజరు కుర్చీ మిగిలింది. కొండకు వచ్చే భక్తులకు గది తాళాలు ఇవ్వడం, వేడినీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయో చెప్పడం నా పని. ముప్పై ఏళ్ళలో ఏ భక్తుడికీ లేచి నిలబడి తాళం ఇవ్వలేదు. కూర్చునే ఇచ్చాను. మా వంశం పూర్తిగా పోలేదని నాకున్న ఆధారం అదొక్కటే.

ఆ లాడ్జి నుంచి కూడా విశ్రాంతి తీసుకుని, నేనూ నా భార్యా రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్న రోజుల్లో ప్రొఫెసర్ వచ్చాడు. కోస్తా మనిషి. సంగీతం మీద పరిశోధనలు రాస్తాడు. చిత్తూరులో ఒకప్పటి ఆడపిల్లల బడి రికార్డుల్లో మా మేనత్త పేరు, ఆ పేరు పక్కన ‘ఈ అమ్మాయి పియానోకు సొంతంగా సంగీతం రాస్తుంది’ అన్న మాట ఆయన కంట పడ్డాయట. అక్కడి నుంచి ఆనవాళ్ళు పట్టుకుని మా మెట్లెక్కాడు.

“పొలం పాటల మీద పియానో సంగీతం రాసిన తెలుగు ఆడమనిషి, అదీ ఆ కాలంలో. ఇది మామూలు సంగతి కాదండీ. ఆమె రాతలు ఏమైనా మిగిలాయా?” అన్నాడు.

ఆ సంగీతాన్ని మేం ఏనాడూ సంగీతం అనలేదు. మా ఇంట్లో దాని పేరు ‘అత్త టకటక’. ఆ మాట ఆయనకు చెప్పలేదు. “భద్రంగా ఉన్నాయి” అన్నాను, బురుజు మీద నిలబడినవాడిలా.

వంటింట్లోంచి నా భార్య అడిగింది. “ఏవీ, ఆ దసరా పుస్తకాలా?”

దసరా పుస్తకాలు అన్నది నిజమే. మా వంశంలో ఆయుధపూజ నాడు పెద్ద మగవాడు కత్తులకు, తుపాకులకు, ఆ తర్వాత పుస్తకాలకు కుంకుమ బొట్టు పెట్టాలి. కత్తులు మా తాత కాలంలోనే పోయాయి. తుపాకీని ఎన్నికల ముందు పోలీసు స్టేషన్లో అప్పజెప్పమంటే అప్పజెప్పాం. ఆ ఎన్నికలు ఇంకా పూర్తయినట్టు లేదు. చివరికి ఇనప పెట్టెలో మిగిలినవి మా మేనత్త రాసిపెట్టుకున్న మూడు పెద్ద నోటు పుస్తకాలు. వంశం మొత్తానికి జరగాల్సిన పూజ వాటి మీద పడింది. పూజ చేసిన కాగితాన్ని పారేయడం తప్పు కాబట్టి అవి బతికాయి. అంతే తప్ప వాటిలో ఏముందో చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఏడాదికోసారి దండం పెడుతున్నాం, ఇంక చదవడం కూడానా అన్నట్టు ఉండేవాళ్ళం.

ప్రొఫెసర్ ఆ పుస్తకాలను ఇంటికి తీసుకుపోతానన్నాడు. కుదరదన్నాను. కనీసం చేత్తో తాకుతానన్నాడు. మా ఇంటి ఆడవాళ్ళ చేతిరాతను పరాయివాళ్ళు తాకే ఆనవాయితీ లేదన్నాను. అలాంటి ఆనవాయితీ ఏదీ మా ఇంట్లో లేదు. ఆ క్షణంలో పుట్టింది. కాబట్టి నేనే పుస్తకం పట్టుకుని, నేనే పేజీలు తిప్పాను. ఆయన రెండు అడుగుల దూరంలో నిలబడి ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నాడు. ఆ ఫోన్‌లో ఏ మాయ ఉందో, పసుపుపచ్చ కాగితం పాలలా తెల్లబడింది, సిరా కాటుకలా నల్లబడింది.

“చూశారా, మరకలన్నీ పోయాయి” అన్నాడు సంతోషంగా.

పోయేముందు అడిగాడు. “ఇంట్లో ఆమెకు ప్రోత్సాహం ఎలా ఉండేది?”

“మా తాతగారు మద్రాసు నుంచి పియానో తెప్పించారు. కూతురు సంగీతమంటే ఆయనకు ప్రాణం” అన్నాను.

మొదటి వాక్యం నిజం. కలెక్టరు బంగళాలో పియానో చూసి వచ్చిన వారానికే ఆయన మా హాల్లోకి పియానో తెప్పించాడు. రెండో వాక్యం సంగతి చెప్పాలి.

అప్పుడు నాకు ఆరేడేళ్ళు. జమీ పోయి చాలా కాలమైంది, ఆ వార్త మా తాతకు మాత్రం ఇంకా అందలేదు. మా ఇంట్లో కూలివాళ్ళకు గింజలు కొలిచి ఇచ్చేది పెరట్లో. హాలుకూ పెరటికీ మధ్య ఒక నడవ, నేను ఆడుకునే చోటు. ఒకరోజు మద్రాసు నుంచి పెద్దమనుషులు నలుగురు వచ్చారు. మా తాత కూతుర్ని పిలిచి వాయించమన్నాడు. బడిలో దొరసాని నేర్పిన పాఠం ఏదో వాయిస్తుందనుకున్నాడు. ఆమె తను రాసుకున్నది వాయించింది. అది కలుపు పాట.

కలుపు పాట ఏమిటో తెలియనివాళ్ళకు ఒక మాట. మడిలో ఆడవాళ్ళు వరసగా వంగి కలుపు తీస్తారు. వంగిన మనిషి తలెత్తి పక్కకు చూడదు; చూస్తే చెయ్యి ఆగుతుంది. అందుకని ముందుండే ఆమె పాటలోనే ఒక్కొక్కరిని అడుగుతుంది, ‘సాలు తప్పి పోతివో, యాడుండావో’ అని. ఎవరిని అడిగితే వాళ్ళు తమ చోటి నుంచే పలకాలి, ‘ఈడనే ఉండానే’ అని. గొంతు వచ్చిన దూరాన్ని బట్టి ఎవరు వెనకబడ్డారో తెలుస్తుంది. అందరూ పలికితేనే పాట తర్వాతి మాటకు పోతుంది. అదొక హాజరుపట్టీ, కాకపోతే వినడానికి బాగుంటుంది.

మా మేనత్త దాన్ని అలాగే పియానో మీదికి తెచ్చింది. కుడిచెయ్యి అడుగుతుంది. ఎడమచెయ్యి ఒకసారి దగ్గర మెట్ల నుంచి, ఒకసారి దూరపు మెట్ల నుంచి జవాబు చెబుతుంది. ఆ రోజు ఆమె కుడిచెయ్యి అడగగానే, ఎడమచెయ్యి కదలకముందే పెరట్లోంచి జవాబు వచ్చింది. గింజల కోసం నిలబడ్డ కూలి ఆడవాళ్ళు, అలవాటు కొద్దీ, తమను ఎవరో అడిగారనుకుని పలికారు. ‘ఈడనే ఉండానే.’ ఒకరి తర్వాత ఒకరు, ఆరేడు గొంతులు, నడవ గుండా నేరుగా హాల్లోకి.

మా మేనత్త చేతులు ఆపలేదు. నవ్వుతూ మళ్ళీ అడిగింది. వాళ్ళు మళ్ళీ పలికారు. మద్రాసు పెద్దమనుషుల్లో ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లే కొంప ముంచాయి. పెద్దదొర కూతురు అడగడం, కూలిమనిషి జవాబివ్వడం, దానికి పరాయివాడు మెచ్చుకోవడం. అతిథులు వెళ్ళాక మా తాత పియానో మూత వేసి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆయన పోయేదాకా అది అక్కడే ఉంది. ఆయన పోయాక పియానో విప్పితే మంచి టేకు అని తేలింది. ఒక మంచం, రెండు పీటలు అయ్యాయి. ఆ పీట మీద కూర్చునే నేను పెళ్ళికొడుకునయ్యాను.

మూత పడ్డ తర్వాత కూడా ఆమె రాస్తూనే ఉంది. రాసింది ఎలా వినిపిస్తుందో చూసుకోవడానికి అన్నం బల్ల మీద వేళ్ళతో కొట్టుకునేది. మా టకటక పేరు అప్పటిదే.

ఇదంతా ప్రొఫెసర్‌కు చెప్పలేదు. ఆయన నా రెండు వాక్యాలూ రాసుకున్నాడు.

ఏడాది తిరక్కుండా ఆయన వ్యాసం వచ్చింది. మా మేనత్త రాసిన వాటిలో కలుపు పాటే గొప్పదని తేల్చాడు. కారణం కాడలేని స్వరాలట. పియానో రాతలో ప్రతి నల్ల చుక్కకూ ఒక కాడ ఉంటుంది. ఆ స్వరాన్ని ఎంతసేపు పలకాలో ఆ కాడను బట్టి తెలుస్తుంది. ఈ పాటలో మాత్రం నలభై దాకా చుక్కలకు కాడ లేదు. పైగా అవి పక్క స్వరాలతో కలవవు, కసిరినట్టు పలుకుతాయి. ‘ఆమె స్వరాన్ని కాలం అనే కాడ నుంచి తెంపి స్వేచ్ఛ ఇచ్చింది. ఐరోపా తర్వాతెప్పుడో చేరుకున్న చోటికి ఈ పాళెగాళ్ళ ఆడపడుచు ఒంటరిగా ముందే చేరుకుంది’ అని రాశాడు. ఆ మాటను మరో ఇద్దరు పండితులు ఎత్తుకున్నారు. ఒకాయన ఆ స్వరాల్లో స్త్రీ ఆక్రోశాన్ని విన్నాడు. ఇంకొకాయనకు కరువు వినిపించింది.

నాకేం వినిపించిందంటే ఫోన్. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిపత్రిక కూడా పంపని చుట్టాలు వరసగా ఫోన్ చేశారు. “అత్త మా ఇంట్లో రెండు దినాలు ఉండి పోయింది గదా, అప్పుడు గూడా ఏదో గొణుగుతా ఉండె” అని ఒకాయన తన వాటా అడిగాడు. నేనూ తక్కువ తినలేదు. వీధి చివర టీ అంగడికి పోయినా వీపు నిటారుగా పెట్టుకుని పోయాను. ఐరోపా కన్నా ముందు చేరుకున్న ఇంటి మనిషిని మరి.

చివరికి తిరుపతిలోనే కచేరీ పెట్టారు. చెన్నై నుంచి పియానో వాయించే అమ్మాయి వచ్చింది. కచేరీ సాయంత్రం, పొద్దున ఆడిటోరియంలో వాయించి చూసుకుంటున్నారు, రమ్మంటే వెళ్ళాను. అక్కడ ప్రొఫెసర్ ఇంకొక ఆవిష్కరణ కూడా చేసి ఉన్నాడు. వేదిక కింద కుర్చీలో ఒక ముసలామె, కొత్త చీర కట్టి, వక్క నములుతూ కూర్చుని ఉంది. మా ఊరి కలుపు కూలీల్లో మిగిలిన మనిషి. ఇప్పుడు ఏర్పేడులో కూతురి దగ్గర ఉంటోందట. కూతురు అక్కడి పెద్ద కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. సాయంత్రం ఈమెకు శాలువా కప్పుతారట.

నన్ను చూసి ఆమె లేవబోయి, ఎందుకో మానుకుని కూర్చుంది.

“ఏమి సిన్నదొరా, బాగుండావా?”

నాకు డెబ్బై దాటాయి. చిన్నదొర అని పిలిచేవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరూ లేరు. బాగుండానన్నాను.

“యాడుండేది?”

“తిరుపతిలోనే.”

“ఏం జేస్తివి ఇన్నాళ్ళు?”

“లాడ్జి సూసుకుంటా ఉంటి.”

“అబ్బో. శానా గదులా?”

“శానానే.”

“మంచిదిలే. మీకెప్పుడూ గదులకు తక్కువ ల్యా” అన్నది. అందులో ఎంత వక్క ఉందో, ఎంత ఎత్తిపొడుపు ఉందో తేల్చుకోలేకపోయాను.

ప్రొఫెసర్ సాయంత్రం పంచబోయే కరపత్రం తీసి ఆమెకు వినిపించాడు. మా తాత ప్రోత్సాహం గురించిన వాక్యం దగ్గరికి రాగానే ముసలామె నమలడం ఆపింది.

“ఎవురు? పెద్దదొరా?”

“అవునమ్మా. ఈయనే చెప్పారు.”

ఆమె నా వైపు చూసింది. ఆ రోజు పెరట్లో వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్ల ఈమేనని అప్పుడు అర్థమైంది. ఆమెకు అంతా తెలుసు. నాకు తెలుసునని కూడా ఆమెకు తెలుసు.

“సిన్నదొర సెప్పినాడంటే అట్లనే అయ్యుంటాదిలే సామీ” అన్నది నిదానంగా. నా జీవితంలో అంత మర్యాదగా నన్నెవరూ కొట్టలేదు.

చెన్నై అమ్మాయి వాయించడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి అడిగింది. అది మా అత్తదే. ఎడమచెయ్యి పలికింది. అంతలో నడుమ ఏదో టంగుమంది. మళ్ళీ రెండు అడుగులు సాఫీగా నడిచి, మళ్ళీ టంగుమంది. ప్రొఫెసర్ కళ్ళు మూసుకుని తల ఊపాడు. “అదీ. అదే కాడలేని స్వరం” అని నా చెవిలో చెప్పాడు.

నేనూ తల ఊపాను. బాగుందో లేదో నాకేం తెలుసు. ఐరోపా వాళ్ళకు బాగుంటే చాలు.

పాట అయ్యాక ముసలామెను మీ అభిప్రాయం ఏమిటని అడిగారు. ఆమె వక్క ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకుంది.

“పాప బాగా వాయించినాది. అయితే నడుమ నడుమ అదేంది, మడిలో కాలికి రాయి తగిలినట్ల?”

“అదే దీని గొప్పతనం అమ్మా” అన్నాడు ప్రొఫెసర్.

“ఆయమ్మ వాయించినప్పుడు రాళ్ళు ల్యాకుండె” అన్నది ఆమె. “నేనిన్న్యా గదా. మేం పలికితిమి గదా దానికి. రాళ్ళుంటే యా మాదిరి పలుకుతాం, పడిపోమా.”

ప్రొఫెసర్ నవ్వి వదిలేశాడు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. మెట్లెక్కి పియానో దగ్గరికి పోయి, ఆ అమ్మాయి ముందున్న కాగితం చూశాను. అయిదేసి గీతలు, వాటి మీద తోకకప్పల్లాంటి స్వరాలు. వాటి మధ్య, గీతకూ గీతకూ నడుమ ఖాళీలో, గుండ్రంగా, చక్కగా, ఒకే కొలతలో, కాడ లేని నల్ల చుక్కలు.

నా చేతిపని నేను గుర్తుపట్టనా.

మూసిన పుస్తకానికి బొట్టు పెడితే విద్య మూసుకుపోతుందని మా నాయన నమ్మకం. అందుకని మా ఇంట్లో పుస్తకం తెరిచి, లోపలి పేజీలో ఉంగరం వేలితో ఒక తడికుంకుమ చుక్క పెట్టి, ఆరాక మూస్తాం. మా నాయన పోయాక నలభై దసరాలు ఆ పని నేను చేశాను. రెండు పుస్తకాలు ఎప్పుడూ ఖాళీగా ఉండే మొదటి పేజీ దగ్గరే తెరుచుకునేవి. మూడోది మాత్రం ఏటా ఒక్కచోటే దానంతట అదే తెరుచుకునేది. ఆమె ఎక్కువసార్లు తెరిచి చూసుకున్న పాట దగ్గర దాని వీపు విరిగింది కాబట్టి. అక్కడ ఏముందో నేను చదవలేదు. కానీ గీతల మధ్య ఖాళీ కనపడితే చుక్క అక్కడే కుదురుగా కూర్చుంటుందని ముగ్గు చూసిన కంటికి తెలుస్తుంది. చుక్క మీద చుక్క పడకుండా, స్వరాల మీద పడకుండా, ఏటా కొత్త చోటు వెతికి శ్రద్ధగా పెట్టాను. పాత కుంకుమ నల్లబడింది. మిగిలిన ఎరుపును ఫోన్ నలుపు చేసింది. ఐరోపా కన్నా ముందు చేరుకున్నది నా ఉంగరం వేలు.

ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆటో ఎక్కి ఇంటికి వచ్చాను. ఆటోలో కూర్చుని నాకు నేను సర్ది చెప్పుకోవడానికి చాలా ప్రయత్నించాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ చుక్కల వల్లే మా అత్తకు పేరొచ్చింది, ఆ పేరుతో మాకూ ఇంత పరువు తిరిగొచ్చింది. చుక్కలు తీసేస్తే మిగిలేది కూలివాళ్ళ పాట. దాని కోసం చెన్నై నుంచి ఎవరొస్తారు? అంతా సరిగ్గానే ఉంది. ఒకే ఒక్క చిక్కు. ఆమె పాటను మా తాత ఒకసారి మూశాడు. ఈసారి దాన్ని మూయబోయేది నేను. మా తాతకు తాళం కావాల్సి వచ్చింది. నాకు నోరు మూసుకుంటే సరిపోతుంది.

పెట్టె తెరిచి పుస్తకం తీస్తుంటే నా భార్య గుమ్మంలో నిలబడింది.

“ఏంది, దసరా ముందే వచ్చినాదా?”

“దీంట్లో బొట్లు ఎవురు పెట్టినారు?”

“మీరే. నన్ను యానాడన్నా పెట్టనిస్తిరా? మగోళ్ళే పెట్టాలంటిరి.”

“ఇప్పుడు అవి గూడా పాటలో కలిసిపోయినాయి. వాయిస్తా ఉండారు.”

ఆమె నన్నూ పుస్తకాన్నీ చూసింది. తర్వాత గోడకు ఆనుకుని నవ్వింది. ఆగి ఆగి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “అయితే మీకు గూడా సంగీతం వచ్చునన్నమాట” అన్నది. ఆపైన పుస్తకం చుట్టడానికి ఉతికిన తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

ఆడిటోరియంలో ప్రొఫెసర్ ముందు పుస్తకం పెట్టి, తాకమన్నాను. పుట్టిన ఆనవాయితీ అలా అక్కడే పోయింది. పేజీలో మా ఇంటి నలభై దసరాలు ఎర్రగా, మట్టిరంగుగా, నల్లగా పరుచుకుని ఉన్నాయి. ఆయన గోరుతో ఒక చుక్కను గీకాడు. పొడి రాలింది. ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు.

“ఈ మాట బయట ఎవరికైనా చెప్పారా?” అన్నాడు.

“మీకే మొదలు.”

“పోనీ ఇలా చూద్దామండీ. కుంకుమ కూడా మన సంస్కృతే కదా. పూజ వచ్చి రాతలో కలిసింది. ఇది ఒక కుటుంబం అంతా కలిసి చేసిన రచన అని...”

“కుటుంబం ఏమీ చేయలేదు” అన్నాను. “మా తాత పియానోకు తాళం వేశాడు. మా నాయన పుస్తకాలు పెట్టెలో వేశాడు. నేను బొట్లు పెట్టాను. రాసింది ఆమె ఒక్కతే.”

తాళం సంగతి ఆయనకు అర్థం కాలేదు. చెప్పాను. నిలబడి, ముసలామెకు కూడా వినపడేలా, చప్పట్లు కొట్టిన పెద్దమనిషితో సహా చెప్పాను. ముసలామె నా మొహం చూడలేదు. తన చీర అంచు చూసుకుంటూ కూర్చుంది. కరపత్రాల కట్ట తీసుకుని, పెన్ను అడిగి, మా తాత ప్రోత్సాహాన్ని ఒక్కో కాగితంలో ఒక్కో గీతతో కొట్టేశాను. లాడ్జి రిజిస్టరులో ఖాళీ చేసిన గదులను కొట్టేసిన చెయ్యి, గీత వంకరపోలేదు.

చెన్నై అమ్మాయి ఈలోగా అసలు పుస్తకాన్నే ముందు పెట్టుకుని, చుక్కలు వదిలేసి వాయించసాగింది. మాకెవరికీ అక్కర్లేని మనిషి పాట, రాళ్ళు లేకుండా, నీళ్ళు నిలిచిన మడిలా మెత్తగా సాగింది. ప్రొఫెసర్ కూడా మొదటిసారి కళ్ళు తెరిచి విన్నాడు. కడపటి పంక్తిలో ఆమె ఆగిపోయింది.

“సార్, ఇక్కడ మీ డాట్ కింద నిజం నోట్ ఉంది. కాడ తెలుస్తోంది, తల తెలియలేదు.”

మెట్లెక్కి వంగి చూశాను. ఒక్క చుక్క మాత్రం స్వరం మీదే పడింది. మిగతావాటి కన్నా పెద్దది. లాడ్జి ఉద్యోగం ఖాయమైన ఏడు పెట్టింది కావచ్చు. ఆ ఏడు భక్తి ఎక్కువ. అది గీత పైదో, కిందదో, ఏ మెట్టుదో పోల్చుకునే దారి లేదు.

“ఏదో ఒకటి అతికేది వేసెయ్యమ్మా” అన్నాడు ప్రొఫెసర్.

“కాదు సార్. ఇది చివరి జవాబు. ఊహించి వేయకూడదు” అన్నది ఆ అమ్మాయి.

నేను మెట్లు దిగి ముసలామె దగ్గరికి వెళ్ళాను. మా ఇంట్లో కూలివాళ్ళను ఏదైనా అడిగే అలవాటు లేదు, చెప్పే అలవాటే.

“అమ్మా, కడాకు ఎట్లుంటాదో రవ్వంత పాడి సూపిస్తావా?”

ఆమె కాళ్ళు దగ్గరికి లాక్కుని, నడుం కొంచెం వంచి, నేల వైపు చూస్తూ ఎత్తుకుంది. గొంతు పగిలిపోయి ఉంది, శ్రుతి మాత్రం పోలేదు. ఒకరిని అడిగి, వాళ్ళ జవాబు తనే పలికి, ఇంకొకరిని అడిగి, చివరి మనిషిని అడిగాక ఆగింది. ఆగిపోయి అలాగే నేల చూస్తూ కూర్చుంది.

“మర్చిపోయావామ్మా?” అన్నాడు ప్రొఫెసర్.

“మరిసేదేముండాది. కడగొట్టు మనిషి పలకల్యా.”

“అది కూడా నువ్వే పలుకు.”

“దగ్గిరోళ్ళకు నేను పలుకుతా. కడగొట్టు మనిషికి యాట్ల పలికేది? ఆయమ్మ దూరముంటాది. ఎవురన్నా పలకండప్పా.”

ప్రొఫెసర్ గొంతు సవరించుకుని పలికాడు. రాగం తీసి, రెండు గమకాలు వేసి, చేత్తో తాళం కూడా వేశాడు. ముసలామె మర్యాదగా విని, “కలుపు తీసేటప్పుడు అంత తీరికుండదు సామీ” అన్నది.

అప్పుడు నన్ను చూసింది.

“నువ్వు పలుకబ్బా. ఆ దినం నడవలోనే ఉండావు గదా. ఇన్న్యావు గదా.”

నాకు పాటలు రావన్నాను. పాట కాదు, జవాబే గదా అన్నది. నిజమే, అది జవాబే. మా వంశంలో ఎవరినీ ఎవరూ వరసలో పిలిచి ఎక్కడున్నావని అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాళ్ళమో కూడా తెలియదు. ఆమె మళ్ళీ వంగి ఎత్తుకుంది. ‘సాలు తప్పి పోతివో, యాడుండావో.’ నేను నిలబడ్డ చోటి నుంచే, గది నంబరు చెప్పినట్టు, ఈడనే ఉండానే అన్నాను.

“అట్లగాదు. నువ్వు నా పక్కనుండి అరిస్తే యాడ తెలుస్తాది? దూరం బో.”

నాలుగు వరసలు వెనక్కి వెళ్ళాను.

“ఇంకా.”

ఇంకా వెళ్ళాను. కుర్చీల మధ్య దారి పైకి ఎక్కుతూ ఉంది. నా మోకాళ్ళకు అది పడదు. కడపటి వరస దాకా పోయి, గోడకు ముందు ఆఖరి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి వేదిక చిన్నదిగా ఉంది. ప్రొఫెసర్ ఇంకా చిన్నగా ఉన్నాడు. ముసలామె తెల్ల తల ఒక్కటి కనపడుతోంది, వంగి.

ఆమె అడిగింది. నేను ఈడనే ఉండానే అన్నాను. అంత దూరం చేరాలంటే గొంతు ఎత్తాలి. ఎత్తితే నిలవలేదు, చివరికి వచ్చేసరికి అలసి కిందికి జారింది. నాకు సిగ్గేసింది. ముసలామె మాత్రం తల ఊపింది. చెన్నై అమ్మాయి వేలు పియానో మీద ఒక మెట్టు నొక్కింది, కాదని పక్కది నొక్కింది, ఇంకా కిందిది నొక్కి ఆగింది.

“సార్, ఇంకొకసారి” అన్నది.

ముసలామె మళ్ళీ ఎత్తుకుంది. నేను మళ్ళీ పలికాను. ఈసారి నాతో పాటు పియానో కూడా పలికింది, అదే మెట్టు మీద, అంతే అలసటగా. ముసలామె తలెత్తకుండానే తర్వాతి మాటకు పోయింది.